వానలో ఘాట్ మలుపుల దగ్గర కారు బయటికి జారుతోంది: కొత్త టైర్లు ముందు వేయాలా, వెనుక వేయాలా?

లాసన్స్‌బే_వాసి | ఆదివారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం. నాది చిన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, ఇంజను ముందు చక్రాలను తిప్పే రకం. నిరుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. టైరు సైజు 185/65 ఆర్15.

మొన్న వానలో సింహాచలం కొండ దిగుతుంటే ఒక కుడి మలుపులో స్టీరింగు తిప్పినంతగా బండి తిరగలేదు. ముక్కు ఎడమవైపు పిట్టగోడ కేసి జరిగింది. వేగం 30, 35 మధ్యే ఉంది. గోడకు తగల్లేదు కానీ, పక్కన కూర్చున్న మా ఆవిడ ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు.

టైర్ల దుకాణంలో చూపిస్తే, "ముందువి అరిగాయి, వెనుకవాటికి బటన్ (రోడ్డుకు ఆనే రబ్బరు దిమ్మలు) బాగానే ఉంది, ముందు రెండూ కొత్తవి వేసుకుంటే చాలు" అన్నారు. మా తమ్ముడు మాత్రం వెడల్పు 195కి పెంచితే పట్టు పెరుగుతుందంటున్నాడు. వచ్చే నెల అమ్మానాన్నలతో, పాపతో అరకు వెళ్లాలి. ఏం చేయమంటారు?

పదిహేడంగుళాలు | ఆదివారం రాత్రి 9.58

మీ తమ్ముడి మాట వినండి. నేను అల్లాయ్ రిమ్ములు పెట్టించి 205/45 ఆర్17 వేయించాను. రుషికొండ దాటాక భీమిలి వైపు మలుపుల్లో స్టీరింగు అలా తిప్పగానే ఇలా తిరుగుతుంది. 185తో ఘాట్ ఎక్కడమంటే సాహసమే.

అరకు_క్యాబ్ | ఆదివారం రాత్రి 10.21

ఎందుకండీ ఆ మాట? నా బండికి కంపెనీ ఇచ్చిన సైజే. సీజన్‌లో దాదాపు రోజూ శృంగవరపుకోట, బొడ్డవర మీదుగా అనంతగిరి ఎక్కి దిగుతాను. 185 వేసుకున్న టూరిస్టు బండ్లు వందల్లో తిరుగుతున్నాయి అక్కడ.

లాసన్స్‌బే వాసి గారూ, దుకాణం వాళ్లు చెప్పింది సరైనదే. తిరిగేది ముందు చక్రాలు, లాగేది ముందు చక్రాలు, బ్రేకు భారం ఎక్కువగా పడేదీ ముందే. కొత్తవి ముందే వేయించండి.

పాత_మాస్టారు | సోమవారం ఉదయం 6.05

ఎవరికి తోచింది వారు చెప్పే ముందు టైర్లు ఏ స్థితిలో ఉన్నాయో తెలుసుకోవాలి కదా. బాబూ, పొద్దున్నే బండి కదపక ముందు మూడు పనులు చేసి ఇక్కడ రాయండి.

ముందు టైర్లు ఎక్కడ అరిగాయో చూడండి: మధ్యలోనా, రెండు అంచులా, ఒక్క అంచేనా. ప్రతి టైరు పక్కనా డీఓటీ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి, అవి రాసుకోండి. మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. నాలుగు అంకెలున్న పక్క లోపలికి తిరిగి ఉండవచ్చు, అప్పుడు వంగి టార్చి వేసి చూడాలి. మూడోది, గాలి. పెట్రోలు బంకుకు వెళ్లి కొలిస్తే టైరు అప్పటికే వేడెక్కి ఉంటుంది కాబట్టి చేతి గేజీ ఒకటి కొనుక్కుని ఇంటి దగ్గరే కొలవండి.

ఉక్కునగరం | సోమవారం ఉదయం 7.30

మాస్టారు అడిగినవి వచ్చేలోపు చిన్న లెక్క. టైర్ల సంగతి తరువాత, ముందు వేగం సంగతి.

మలుపులో బండికి కావలసిన పక్కపట్టు, అంటే పక్కకు జారకుండా ఆపే పట్టు, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఘాట్‌లో మరీ ముడుచుకున్న మలుపు వ్యాసార్ధం 15 మీటర్లనుకుందాం. గంటకు 25 కి.మీ. వేగంతో తిరిగితే బండి బరువులో మూడో వంతు పక్కపట్టు చాలు. 30కి దాదాపు సగం. 35కి బరువులో 64 శాతం. అంటే 25 నుంచి 35కి పెంచితే అవసరమైన పట్టు దాదాపు రెట్టింపవుతుంది. మంచి టైరు పొడి తారు మీద 80 శాతం దాకా ఇవ్వవచ్చు. తడి రోడ్డు మీద మంచి టైరుకే 50, 60 శాతం అనుకోవాలి. అరిగినదైతే ఇంకా కిందికి.

కాబట్టి ఆ మలుపు నిజంగా అంత బిగువైనదైతే తడిలో 35 అన్నది తక్కువ వేగమేమీ కాదు. బరువు ఈ లెక్కలో కొట్టుకుపోతుంది కాబట్టి "నాది చిన్న బండి కదా" అన్నా లాభం లేదు.

లాసన్స్‌బే_వాసి | సోమవారం రాత్రి 8.15

మాస్టారూ, గేజీ కొన్నాను. ఇవీ వివరాలు.

ముందు రెండు టైర్లూ రెండు అంచుల్లోనూ అరిగాయి. మధ్య గాళ్లలో (బటన్ మధ్య ఉండే గాడుల్లో) లోతు 3 మి.మీ. ఉంది, అంచు గాళ్లు అడుగున అరుగుదల హద్దు చూపే గట్టు దాకా వచ్చేశాయి. తేదీ 1122. వెనుకవాటిలో సమంగా 5 మి.మీ. ఉంది, చూడటానికి నల్లగా బాగున్నాయి. తేదీ 4017. పక్కన వేలితో నొక్కి వంచితే వెంట్రుకల్లాంటి బీటలు కనిపిస్తున్నాయి. గాళ్ల అడుగున కూడా ఉన్నాయి.

గాలి: డ్రైవరు తలుపు పక్కన అంటించిన చీటీలో 33 అని ఉంది. ముందు ఎడమ 24, ముందు కుడి 27, వెనుక రెండూ 34. రెండు వారాల క్రితమే బంకులో అన్నిటికీ 33 కొట్టించాను, అదే నాకు అర్థం కావడం లేదు.

పాత_మాస్టారు | సోమవారం రాత్రి 8.50

అంచులు అరిగాయి, మధ్య మిగిలింది అన్నప్పుడే గాలి తక్కువని తెలిసిపోయింది. గాలి చాలని టైరు మధ్యలో లోపలికి కుంగి బరువంతా భుజాల మీద మోస్తుంది. ఎక్కువైతే దానికి తలకిందులు, మధ్య అరుగుతుంది. ఒక్క అంచే, ముఖ్యంగా లోపలి అంచే తినేస్తుంటే అప్పుడు అలైన్‌మెంటును, అంటే చక్రాలు నిలబడే కోణాలను, అనుమానించాలి.

24 పాయింట్ల (పీఎస్‌ఐ) గాలితో మలుపు తిరిగితే ఏమవుతుందంటే, మీరు స్టీరింగు తిప్పినప్పుడు రిమ్ము తిరుగుతుంది కానీ రోడ్డుకు ఆనిన రబ్బరు వెంటనే అటు తిరగదు. పక్కగోడ మెలిపడుతుంది. చక్రం చూస్తున్న దిక్కుకూ బండి వెళ్తున్న దిక్కుకూ మధ్య ఎప్పుడూ కొంత కోణం ఉంటుంది, ఆ కోణం వల్లనే పక్కపట్టు పుడుతుంది. మామూలు కారు టైరులో అది సుమారు 6 నుంచి 10 డిగ్రీల దాకా పెరుగుతుంటే పట్టూ పెరుగుతుంది. ఆ పైన ఎంత తిప్పినా పట్టు పెరగదు సరికదా, తగ్గుతుంది. గాలి తక్కువ ఉన్న ముందు టైర్లు వెనుకవాటికంటే ముందే ఆ హద్దుకు చేరతాయి. అప్పుడు ముక్కు బయటికి జరుగుతుంది. మీకు జరిగింది అదే.

కానీ నన్ను కలవరపెట్టినవి మీ ముందు టైర్లు కావు. 4017 అంటే 2017 అక్టోబరులో తయారైనవి. గాళ్లు లోతుగా ఉన్నంత మాత్రాన రబ్బరు బతికున్నట్టు కాదు. ఎండకూ, వేడికీ, గాలిలోని ఓజోనుకూ అది గట్టిపడుతుంది. గోరు గుచ్చి చూడండి, కొత్త టైరులో దిగినట్టు దిగదు. గట్టిపడ్డ రబ్బరు తారులోని చిన్న చిన్న గరుకుల్లోకి ఒదగలేదు. ఒదగకపోతే తడిలో పట్టు ఎక్కడి నుంచి వస్తుంది?

ఆటోనగర్_పనివాడు | సోమవారం రాత్రి 9.32

గాలి ఎందుకు దిగుతోందో నేను చెబుతాను. మీ పేరు చూస్తే సముద్రం పక్కనే ఉంటున్నట్టున్నారు. అల్లాయ్ కాకుండా మామూలు ఇనుప రిమ్ములే కదా?

మా దగ్గరికి పెదవాల్తేరు, లాసన్స్ బే, జాలారిపేట వైపు నుంచి వచ్చే బండ్లలో ఇది తరచూ చూస్తాను. పంక్చరు ఉండదు, మేకు ఉండదు, గాలి మాత్రం వారం వారం దిగుతుంది. టైరు ఊడదీస్తే తెలుస్తుంది: టైరు అంచు వచ్చి రిమ్ము మీద కూర్చునే చోట ఉప్పుగాలికి పెయింటు లేచి, కింద తుప్పు పొరలు పొరలుగా కట్టి ఉంటుంది. ట్యూబు లేని టైరులో గాలిని ఆపేది ఆ కూర్పు ఒక్కటే. తుప్పు పొక్కుల సందుల్లోంచి అది సన్నగా పోతుంటుంది. టైరు విప్పకుండానే పరీక్షించవచ్చు. సబ్బు నీళ్లు రిమ్ము అంచు చుట్టూ పోసి రెండు నిమిషాలు ఆగండి. నీళ్లు పోయగానే వచ్చే పెద్ద బుడగలు కాదు, తరువాత ఆవగింజంత నురగ ఒక చోట గుంపుగా పేరుకుంటూ పోతుంది, అదీ గుర్తు. వాల్వు దగ్గర కూడా పోయండి. వాల్వు రబ్బరుకూ వయసుంటుంది.

కొత్త టైరు వేసేటప్పుడు రిమ్మును తీగ బ్రష్‌తో తోమించి, తుప్పు పూర్తిగా పోయాక పెయింటు వేయించి, ఆరాక అంచుకు సీలెంటు రాయించండి. హడావిడిలో ఉన్న దుకాణంలో ఈ పని చేయరు. దగ్గర నిలబడి చేయించుకోవాలి. అది చేయించకపోతే ఎంత ఖరీదైన టైరు వేసినా రెండు వారాలకు మళ్లీ 24కే వస్తుంది.

అరకు_క్యాబ్ | సోమవారం రాత్రి 10.05

పాత మాస్టారూ, పెద్దవారు, మీ మాట కాదనలేను కానీ వెనుక టైర్లు ఇంకా పదేళ్లు నిండలేదు కదా? పదేళ్ల దాకా వాడవచ్చని టైర్ల కంపెనీలే అంటాయి. ముందు అరిగినవి వదిలేసి బాగున్న వెనుకవాటి మీద డబ్బు పెట్టమంటే ఏ ఇంటి యజమాని ఒప్పుకుంటాడు?

పాత_మాస్టారు | మంగళవారం ఉదయం 5.50

పదేళ్లన్నది దాటకూడని గీత. అప్పటిదాకా కళ్లు మూసుకుని వాడమని కాదు. ఐదేళ్ల తరువాత ఏటా పరీక్ష చేయించమని కూడా ఆ కంపెనీలే చెబుతాయి. గాళ్ల అడుగున బీటలు కనిపించాక ఇంకా వయసు లెక్కెందుకు?

ఇప్పుడు ముందా వెనుకా అన్న ప్రశ్న. ముందు చక్రాలు పట్టు తప్పితే స్టీరింగు తేలికవుతుంది, ముక్కు బయటికి పోతుంది, కాలు సహజంగానే యాక్సిలరేటరు మీంచి లేస్తుంది. బండి నెమ్మదించి మళ్లీ దారికి వస్తుంది. భయపడతాం, బతుకుతాం. వెనుక పట్టు తప్పితే అలా కాదు. వెనుక భాగం పక్కకు విసురుగా తిరిగిపోతుంది, డ్రైవరుకు తెలిసేలోపు బండి అడ్డం పడుతుంది. భయపడి కాలు తీసేస్తే బరువు ఇంకా ముందుకు వాలి వెనుక మరింత తేలిపోతుంది. అంటే మామూలు మనిషి సహజంగా చేసే పనే అక్కడ ప్రమాదాన్ని పెంచుతుంది.

అందుకే రెండే కొత్తవి కొంటే, ఇంజను ఏ చక్రాలను తిప్పినా సరే, కొత్తవి వెనుక వేసి వెనుకవి ముందుకు తేవాలని టైర్ల కంపెనీలు చెబుతాయి. దుకాణం వాళ్లు చెప్పినట్టు కొత్తవి ముందు వేస్తే లాసన్స్‌బే వాసి గారి బండి ముక్కు చక్కగా తిరుగుతుంది. ఆ ధైర్యంతో ఆయన వేగం కాస్త పెంచుతారు. వెనుక 2017 రబ్బరు.

అరకు_క్యాబ్ | మంగళవారం ఉదయం 6.40

మీరు చెప్పిన అడ్డం పడటం టైడా దగ్గర కళ్లారా చూశాను. ఎవరిదో బండి, కొత్త వాన, మలుపు మధ్యలో బ్రేకు తొక్కారు. నడిరోడ్డు మీద వెనక్కి తిరిగి నిలబడింది. అదృష్టం, ఎదురుగా బస్సు లేదు.

అయినా నా పద్ధతి నాది. సుమారు ఎనిమిది, పది వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కీ, వెనుకవి ముందుకీ మార్పిస్తాను. నాలుగూ ఒకేసారి అరుగుతాయి, నాలుగూ ఒకేసారి మారుస్తాను. ముందా వెనుకా అన్న తగువే రాదు.

ఉక్కునగరం | మంగళవారం ఉదయం 7.15

ఈ తగువులో అందరికంటే తెలివైన సమాధానం ఇదే.

సీతమ్మధార_అమ్మ | మంగళవారం మధ్యాహ్నం 2.20

చదువుతున్నాను, చాలా ఉపయోగంగా ఉంది. రెండు సందేహాలు. నత్రజని నింపిస్తే పట్టు పెరుగుతుందని బంకులో చెప్పి డబ్బు తీసుకుంటున్నారు, నిజమేనా? మా వారు వేసవిలో గాలి తక్కువ కొట్టించాలంటారు, ఎండకు పేలిపోతుందని. అదీ నిజమేనా?

ఆటోనగర్_పనివాడు | మంగళవారం మధ్యాహ్నం 3.05

అమ్మా, మామూలు గాలిలోనే 78 శాతం నత్రజని ఉంది. పట్టుకూ దానికీ సంబంధం లేదు. వారం వారం గాలి చూసుకునే వారికి మామూలు గాలి చాలు.

రెండోది మాత్రం ప్రమాదకరమైన నమ్మకం. దయచేసి మీ వారికి చెప్పండి. టైరును వేడెక్కించేది తక్కువ గాలే. పక్కగోడ ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి లేవడం వల్ల లోపల వేడి పుడుతుంది. వేసవిలో హైవే మీద పేలే టైర్లలో చాలావాటికి గాలి తక్కువే ఉంటుంది. బండి నడిచాక మూడు నాలుగు పాయింట్లు పెరగడం మామూలే, చీటీలో రాసింది చల్లగా ఉన్నప్పటి లెక్క. వేడి మీద 37 చూపించిందని గాలి వదిలేయకూడదు.

ఉక్కునగరం | మంగళవారం సాయంత్రం 6.45

వెడల్పు సంగతి మిగిలిపోయింది.

185/65 ఆర్15 అంటే వెడల్పు 185 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, అంటే 120 మి.మీ. మొత్తం చక్రం ఎత్తు సుమారు 621 మి.మీ. 195/60 ఆర్15 వేస్తే 615. తేడా ఒక శాతమే కాబట్టి స్పీడోమీటరుకు ఇబ్బంది లేదు, రిమ్ము వెడల్పు సరిపోతే వేయవచ్చు. పదిహేడంగుళాల మిత్రుడి 205/45 ఆర్17 ఎత్తు 616. లెక్క ఆయన సరిగ్గానే వేసుకున్నారు, పక్కగోడ మాత్రం 92 మి.మీ.కి తగ్గింది. స్టీరింగుకు వెంటనే స్పందించడం అందువల్లే, పొట్టి గోడ తక్కువ మెలిపడుతుంది.

అయితే స్పందన వేరు, పట్టు వేరు. రోడ్డుకు ఆనే రబ్బరు విస్తీర్ణం ఎక్కువగా బరువునూ గాలినీ బట్టి ఉంటుంది. వెడల్పు పెంచితే ఆ మచ్చ అడ్డంగా సాగి నిలువుగా పొట్టిదవుతుంది. పొడి రోడ్డు మీద మలుపులకు అది కొంత మేలే, కాదనను. నిలిచిన నీళ్లలో మాత్రం వెడల్పు టైరు ఎక్కువ నీటిని పక్కకు తోయాలి. మన ఊళ్లో వానాకాలం జూన్‌లో మొదలై, తుపాన్లతో కలిపి నవంబరు దాకా సాగుతుంది. వెడల్పుకంటే రబ్బరు మిశ్రమం మీద డబ్బు పెట్టడం నయం.

పదిహేడంగుళాలు | మంగళవారం రాత్రి 8.10

తడిలో మీరన్నది నిజం కావచ్చు. వానల్లో గుంతలో పడి రిమ్ము వంగితే తీయించడానికి చాలా అయింది, ఆ మాట ఎవరూ ముందు చెప్పరు. కానీ అసలు మొన్న జరిగింది నీళ్ల మీద తేలడమే కదా? గాళ్లు లేని టైరు తేలుతుంది.

ఉక్కునగరం | మంగళవారం రాత్రి 8.42

కాదు. ఘాట్‌లో 35 మీద తేలదు. నాసా వారు విమాన చక్రాల మీద చేసిన ప్రయోగాల నుంచి 1963లో ఒక సూత్రం ఇచ్చారు: పాయింట్లలో గాలి పీడనం వర్గమూలాన్ని 9తో గుణిస్తే తేలే వేగం నాట్లలో (ఒక నాట్ అంటే గంటకు 1.85 కి.మీ.) వస్తుంది. దాన్ని కారుకు ఉజ్జాయింపుగా వాడితే 33 పాయింట్లకు గంటకు 96 కి.మీ., 24 పాయింట్లకు 82. రోడ్డు మీద నీరు గాళ్లకంటే లోతుగా నిలిచినప్పటి మాట అది. ఆనందపురం వైపు హైవే మీద భయపడాల్సిన విషయం.

ఘాట్‌లో జరిగేది వేరు. పలుచటి తడిపొర, దాని కింద దుమ్మూ నూనే. అక్కడ పని చేసేది రబ్బరు మెత్తదనం, గాళ్ల అంచుల పదును, అన్నిటికంటే వేగం. చట్టం ప్రకారం కారు టైరుకు 1.6 మి.మీ. ఉంటే చాలు, కొత్త టైరులో దాదాపు 8 ఉంటుంది. తడిలో పట్టు 1.6 దగ్గర హఠాత్తుగా పోదు, అంతకు చాలా ముందు నుంచే తరుగుతూ వస్తుంది. నేను 3 దగ్గరే మార్చేస్తాను.

నిర్వాహకుడు | మంగళవారం రాత్రి 9.00

ఏ కంపెనీ టైరు గొప్పదన్న వ్యాఖ్యలు నాలుగు తొలగించాను. దానికి వేరే చర్చ ఉంది.

అరకు_క్యాబ్ | మంగళవారం రాత్రి 10.15

టైర్ల గురించి పెద్దలు చెప్పారు, రోడ్డు గురించి నేను చెబుతాను. ఎందుకంటే ఎంత మంచి టైరైనా కింద ఉన్నదాన్నే పట్టుకోవాలి.

బీచ్ రోడ్డులో గాలి వీచిన మర్నాడు మలుపుల లోపలి అంచున ఇసుక పలుచగా పరుచుకుని ఉంటుంది, తారు రంగులో కలిసిపోయి కనబడదు. కాన్వెంట్ జంక్షన్, జ్ఞానాపురం వైపు పోర్టు లారీల బొగ్గు, ఖనిజం పొడి. ఎండాకాలమంతా పేరుకున్న ఆ పొడి మీద మొదటి జల్లు పడినప్పుడు రోడ్డు అన్నిటికంటే జారుతుంది. గంటసేపు గట్టిగా కురిసి కడిగేశాక కొంత నయం. యారాడ కొండ మీద మలుపుల్లో ఆకులు. వంతెనల మీద ఇనుప అతుకులు, రోడ్డు మీద వేసిన తెల్ల గీతలు కూడా తడిలో జారేవే.

అరకు దారిలో బొడ్డవర దాటాక కొండ మీంచి నీళ్లు రోడ్డుకు అడ్డంగా పారే చోట్లుంటాయి, తరచూ మలుపులోనే. అనంతగిరి చుట్టుపక్కల పొద్దున మంచు. గాలికొండ వ్యూ పాయింటు దగ్గర ఫొటోల కోసం మలుపు పక్కనే బండ్లు ఆపి దిగుతారు, ఆ మలుపు తిరిగేసరికి ఎదురుగా మనుషులుంటారు. బ్రేకు తొక్కక తప్పని పరిస్థితి రాకుండా చూసుకోవాలి. దిగేటప్పుడు రెండో గేరు, మలుపుకు ముందే వేగం తగ్గించడం, మలుపులో బ్రేకు ముట్టకపోవడం. సామాను పైన క్యారియరు మీద కట్టకండి, డిక్కీలో కింద పెట్టండి.

పాత_మాస్టారు | బుధవారం ఉదయం 6.00

క్యాబ్ గారు చెప్పిన దాని వెనుక కారణం ఇది. టైరు పట్టు నెల జీతం లాంటిది. బ్రేకు కోసం ఖర్చు పెట్టినది మలుపుకు మిగలదు. కాకపోతే లెక్క సూటి తీసివేత కాదు, పైథాగరస్ సూత్రం. పట్టులో 80 శాతం బ్రేకుకు వాడితే మలుపుకు 60 శాతం మిగులుతుంది. నూటికి నూరూ బ్రేకుకే పోతే చక్రం తిప్పినా తిరగదు. బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, బండి అడ్డం తిరగకుండా చూసే ఈఎస్‌పీ లాంటివి ఉన్న పట్టును పొదుపుగా పంచుతాయే తప్ప, కొత్తగా ఒక్క చుక్క పట్టును కూడా పుట్టించలేవు.

సామాను సంగతి కూడా అంతే. మలుపులో బరువు బయటి చక్రాల మీదికి వాలుతుంది. బరువు రెట్టింపైనంత మాత్రాన ఆ టైరు పట్టు రెట్టింపు కాదు, కొంత తక్కువే పెరుగుతుంది. లోపలి చక్రం పోగొట్టుకున్నంత బయటి చక్రం సంపాదించలేదన్నమాట. పైన క్యారియరు మీద బరువు పెడితే ఆ వాలడం ఇంకా ఎక్కువ. నిండుగా వెళ్తున్నప్పుడు వెనుక గాలి ఎంత ఉండాలో తలుపు చీటీలో వేరుగా రాసి ఉంటుంది, అది చూడండి.

మళ్లీ ముక్కు జారితే స్టీరింగు ఇంకా తిప్పకండి. కాలు మెల్లగా తీసి, స్టీరింగు కొద్దిగా వెనక్కి వదిలితే టైరు మళ్లీ పట్టుకుంటుంది. మనసు ఒప్పుకోదు, గోడ వైపు వదులుతున్నట్టు ఉంటుంది. అయినా అదే దారి.

లాసన్స్‌బే_వాసి | బుధవారం రాత్రి 9.10

అందరికీ కృతజ్ఞతలు. సబ్బు నీళ్ల పరీక్ష చేశాను. ముందు ఎడమ చక్రం రిమ్ము అంచున అరచేయంత మేర నురగ పేరుకుంది. కుడి చక్రానికి వాల్వు దగ్గర.

నాలుగూ మార్చాలని నిర్ణయించుకున్నాను, అదే 185/65 సైజులో. రెండు రకాలు చూపించారు. ఒకదాని మీద ట్రెడ్‌వేర్ 420, ట్రాక్షన్ ఎ అని ఉంది. రెండోదాని మీద 300, డబుల్ ఎ. మొదటిది ఎక్కువ కాలం వస్తుంది, మైలేజీ కూడా ఇస్తుందంటున్నారు.

ఉక్కునగరం | బుధవారం రాత్రి 9.48

ట్రెడ్‌వేర్ అంకె ఎక్కువైతే నెమ్మదిగా అరుగుతుందని అర్థం. అది కంపెనీలు తమ పరీక్షల మీద తామే వేసుకునే అంకె కాబట్టి రెండు వేర్వేరు కంపెనీల మధ్య పోలికకు పెద్దగా పనికిరాదు. ట్రాక్షన్ అక్షరం తడి రోడ్డు మీద తిన్నగా బ్రేకు వేసినప్పటి పట్టు. మలుపు పట్టును అది కొలవదు, చాలామందికి ఇది తెలియదు. అయినా తడి మీద బాగా పట్టే మిశ్రమం మలుపులోనూ కొంత సాయం చేస్తుంది. కుటుంబంతో ఘాట్‌కు వెళ్లేవారు రెండోది తీసుకోవడమే మంచిది. రెండేళ్లు ముందు అరిగితే అరగనివ్వండి.

ఐఎస్‌ఐ గుర్తు, తయారీ తేదీ చూసి తీసుకోండి. నాలుగింటి తేదీలూ దగ్గర దగ్గరగా ఉండాలి.

సీతమ్మధార_అమ్మ | బుధవారం రాత్రి 10.02

మన అచ్యుతాపురంలోనే టైర్ల ఫ్యాక్టరీ ఉంది కదా, అక్కడివి దొరకవా?

ఉక్కునగరం | బుధవారం రాత్రి 10.20

అది యొకోహామా వారిది, 2022లో మొదలైంది. మొదలుపెట్టింది పొలం పనుల, నిర్మాణ యంత్రాల టైర్లతో. కార్ల టైర్ల సంగతి దుకాణంలోనే అడగాలి.

లాసన్స్‌బే_వాసి | శనివారం సాయంత్రం 5.30

వేయించాను. 300, డబుల్ ఎ రకమే. రిమ్ములు తోమించి పెయింటు, సీలెంటు, కొత్త వాల్వులు, అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు అన్నీ అయ్యాయి. విప్పినప్పుడు ముందు ఎడమ రిమ్ములోంచి రాలిన తుప్పు గుప్పెడు ఉంటుంది. పాత వెనుక టైర్లను దుకాణం కుర్రాడు కొంటానన్నాడు, ఎవరికో అమ్ముతాడేమోనని పక్కగోడలు కోయించి వచ్చాను.

ఇంటికి వచ్చి చూస్తే ఒక అనుమానం. టైరు పక్కన బయటి వైపు అని ఇంగ్లీషులో అచ్చు వేసి ఉంది. మూడు చక్రాలకు అది బయటికే కనిపిస్తోంది. వెనుక కుడి చక్రానికి మాత్రం లోపలి వైపు అన్న మాట కనిపిస్తోంది. ఫరవాలేదా?

ఆటోనగర్_పనివాడు | శనివారం సాయంత్రం 6.05

ఫరవాలేదు అనడానికి లేదండీ. అలాంటి టైరులో బయటి సగం బటన్ గట్టిగా, వెడల్పు దిమ్మలతో మలుపు భారం మోయడానికి చేస్తారు. నీళ్లు తోసే గాళ్లు లోపలి సగంలో ఎక్కువ. తిరగేసి వేస్తే వెనుక రెండు చక్రాలూ మలుపులో రెండు రకాలుగా పని చేస్తాయి. రసీదు పట్టుకుని వెళ్లండి, తిప్పి వేసి మళ్లీ బ్యాలెన్సింగు చేసి ఇవ్వాలి. దానికి డబ్బు అడిగితే ఇవ్వకండి.

అరకు_క్యాబ్ | శనివారం రాత్రి 9.50

తిప్పించుకున్నాక వెంటనే ఘాట్ ఎక్కకండి. కొత్త రబ్బరు మీద అచ్చులోంచి తీసేటప్పటి జిడ్డుపొర ఉంటుంది, రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగితే కానీ పూర్తిగా పోదు. తగరపువలస, విజయనగరం వైపు నాలుగుసార్లు నెమ్మదిగా తిరిగి రండి. అరకుకు ఎప్పుడు బయలుదేరుతున్నారో రాయండి, ఆ వారం బొడ్డవర పైన రోడ్డు ఎలా ఉందో చెబుతాను.

లాసన్స్‌బే_వాసి | ఆదివారం మధ్యాహ్నం 12.15

తిప్పి వేశారు, డబ్బు అడగలేదు. వచ్చే నెల రెండో శనివారం, పొద్దున ఐదింటికి బయలుదేరతాం.